పేరు తెలియని పువ్వు పూజకి రాదన్నారు

ఆ రోజుల్లో పేరు తెలియని మొక్క ఎదురైతే మనిషికి మరో మనిషే దిక్కు. ఇప్పుడైతే జేబులోంచి ఫోను తీసి ఆకు ముందు పెడితే చాలు, దాని పేరూ ఊరూ పుట్టుపూర్వోత్తరాలూ అన్నీ అదే చెప్పేస్తోంది. మా కాలేజీ పిల్లలు మొక్కల పేర్లు నన్ను అడగడం మానేసి చాలా కాలమైంది. ఎప్పుడైనా అడిగారంటే, ముందు ఫోనులో చూసుకుని, నాకు తెలుసో లేదో పరీక్షించడానికే. నేనేం నొచ్చుకోను. పాతికేళ్ల కిందట ఈ సదుపాయం ఉండి ఉంటే నా పరువు చాలావరకు దక్కేది. కాకపోతే ఇవాళ మీకు చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. ఎమ్మెస్సీ బోటనీ గట్టెక్కి, రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరాను. మాది మెట్ట ప్రాంతం. జీడిమామిడి, కర్రపెండలం తప్ప మరో మొక్కని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం నాకు చిన్నప్పుడు రాలేదు. చదువంతా పుస్తకాల్లో సాగింది. పువ్వుని నిలువునా కోస్తే లోపల ఏముంటుందో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకునేవాణ్ని. అదే పువ్వు చెట్టు మీద కనిపిస్తే ముక్కూమొహం తెలియనట్టు పక్కనుంచి పోయేవాణ్ని. అలాంటివాణ్ని తీసుకొచ్చి కోనసీమలో పడేశారు. అక్కడ ఎటు చూసినా ఏదో ఒకటి గోడ ఎక్కుతూనో, గట్టు దిగుతూనో, కరెంటు తీగ మీద ఊగుతూనో ఉంటుంది. నాకు మాత్రం రోజూ చదవని పరీక్ష రాస్తున్నట్టుండేది.

నేను అద్దెకి దిగింది ఘనపాఠి గారి మేడ మీద గదిలో. వేదాన్ని మాట మాటా ముందుకీ వెనక్కీ తిప్పి, ఒక్క స్వరం తప్పకుండా చెప్పగలిగినవారికి ఆ పేరు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేవారు. ఆయన భార్యని నేను మామ్మగారు అనేవాణ్ని. ఇద్దరూ నన్ను 'మొక్కల మేష్టారు' అనేవారు. మనవడి వయసు వాణ్ని, 'మీరు' అంటారేమిటండీ అని మొహమాటపడితే, "మా పెరట్లో దూడని కూడా ఏవండీ అనే పిలుస్తానండి, తమరి మాటెంత" అన్నారు మామ్మగారు, మొహంలో నవ్వన్నది లేకుండా.

గది అప్పగించేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. వెల్లుల్లి వాసన గడప దాటి లోపలికి రాకూడదు. ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరూ దాన్ని ముట్టలేదట. (కాలేజీ దగ్గర మెస్సులో వెల్లుల్లికారం అద్భుతంగా ఉండేది. అది తిన్న రోజున నేను వీధి చివర నిలబడి వేపపుల్ల నమిలి, రెండుసార్లు పుక్కిలించి, అప్పుడు గానీ ఇంటి మొహం చూసేవాణ్ని కాదు. సాయంత్రం పూట వేపపుల్ల నమిలే మనిషిని చూసి ఆ వీధివాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.)

ఆ ఇంట్లో ఒక మొక్కు ఉంది. నేను రాకముందు ఒక ఏడు ఘనపాఠి గారి గొంతు పోయిందట. మామూలు జలుబే అనుకుంటే నెలలు గడిచాయి. శిష్యుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినా గాలి వచ్చేది గానీ మాట వచ్చేది కాదట. నోట్లో వేదం తప్ప వేరే ఆస్తి లేని మనిషి ఆయన. గొంతు వస్తే ఇంట్లో శివుడికి లక్ష పువ్వులతో పూజ చేయిస్తానని మామ్మగారు మొక్కుకున్నారు. గొంతు వచ్చింది. పువ్వులే రాలేదు. కొన్న పువ్వులు పనికిరావని, సొంత పెరట్లో పూసినవే అయుండాలని ఆవిడే మరో నియమం పెట్టుకున్నారు. పెరట్లో నందివర్ధనాలూ మందారాలూ గన్నేర్లూ ఉన్నాయి గానీ, అవి దేవుడికి రోజువారీ సరిపోతాయి, లక్షకి ఏమూల! శ్రావణంలో పూత మొదలైనవి భాద్రపదం వానలకి మొగ్గలోనే కుళ్లిపోయేవి. అలా మొక్కు ఏడాదికేడాది వాయిదా పడుతూ వచ్చింది. ఘనపాఠి గారు ఒక్కసారి దగ్గితే చాలు, వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయేది. మొక్కు తీరకపోతే ఇచ్చిన గొంతు స్వామి ఎప్పుడు వెనక్కి తీసుకుంటాడోనని ఆవిడ భయం. ఆ భయం చూస్తే నాకు జాలేసేది.

నేను చేరిన ఏడు కార్తీకంలో ఒక ఆదివారం, మామ్మగారు అంతర్వేది వెళుతూ నన్నూ తోడు రమ్మన్నారు. తిరిగొచ్చేటప్పుడు మలికిపురం దగ్గరపడుతుండగా ఆటోలోంచి ఒక్క కేక పెట్టారు.

"ఆపండి, ఆపండి!"

ఆటో ఆగింది. రోడ్డు పక్కన ఒక కొత్త మేడ. దాని ప్రహరీ మీద, గేటు మీద, ఆఖరికి మీటరు పెట్టె మీద కూడా ఒక తీగ పాకింది. ఆకు కనిపించకుండా పూసింది. గొట్టాల్లాంటి పువ్వులు గుత్తులు గుత్తులు. కొన్ని వంకాయ రంగు, కొన్ని లేత ఊదా, కొన్ని దాదాపు తెలుపు. ఒకే తీగకి మూడు రంగులు. అటువంటిది నేను పుస్తకంలో కూడా చూడలేదు.

"మేష్టారూ, ఏం పువ్వండీ అది?"

ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు.

"బిగ్నోనియేసి అండి" అన్నాను గంభీరంగా.

"అది పేరాండి?"

"కుటుంబం పేరండి."

"ఇంటిపేరు తెలిసింది. మరి మనిషి పేరో?"

"అది పుస్తకం చూసి చెప్పాలండి."

డ్రైవరు ముందుకు తిరిగిపోయాడు. ఆ తిరగడంలో నా డిగ్రీలు రెండూ పోయాయి.

గేటుకి తాళం ఉంది. ఇంటివాళ్లు రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లారని పక్కవాళ్లు చెప్పారు. రోడ్డు మీద రాలిన పువ్వు ఒకటి మామ్మగారు కొంగులో మూటకట్టుకుని తెచ్చి, సాయంత్రం ఘనపాఠి గారి ముందు పెట్టారు. ఆ తీగ ఒక్కటి పెరట్లో ఉంటే వచ్చే కార్తీకానికి మొక్కు తీరిపోతుందన్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని పువ్వుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బావుంది. పేరేవిటిట?"

మామ్మగారు నా వైపు చూశారు. నేను పువ్వు వైపు చూశాను.

"పేరు తెలియని అతిథికి అన్నం పెట్టొచ్చండి. పేరు తెలియని పువ్వు మాత్రం స్వామి మీద పెట్టకూడదు. ఉమ్మెత్త కూడా పువ్వే, గన్నేరు కూడా పువ్వే, ఏది ఎవరికి పనికొస్తుందో పేరుని బట్టే కదండీ తెలిసేది. మన మేష్టారు ఉన్నారుగా, పేరు కనుక్కుని చెబుతారు. అప్పుడు పెడదాం" అన్నారు ఘనపాఠి గారు.

"వారంలో చెబుతానండి" అన్నాను. ఎవరూ అడక్కుండానే గడువు పెట్టుకోవడం నాకు అప్పట్లో ఉన్న జబ్బుల్లో ఒకటి.

వారమంతా పుస్తకాలు తిరగేశాను. ఆ పై ఆదివారం ఆ పువ్వుని నోటుపుస్తకంలో అదిమిపెట్టుకుని, రావులపాలెం మీదుగా కడియం నర్సరీలకి బయల్దేరాను. మైళ్ల పొడవున మొక్కలే ఉన్న చోట ఈ ఒక్క మొక్క పేరు తెలియకపోతుందా అని నా ధీమా. పువ్వు అప్పటికే ఎండి, రంగుపోయి, చీమిడి తుడుచుకున్న కాగితంలా అయింది. మొదటి నర్సరీ ఆయన దాన్ని చూసి, "సింగపూర్ తీగండి" అన్నాడు. రెండో ఆయన "బ్యాంకాక్ తీగ" అన్నాడు. మూడో ఆయన కొంచెం ఆలోచించి "ఇది మలేషియా సరుకండి, ఈ ఏడు రాలేదు" అన్నాడు. మధ్యాహ్నం దాటేసరికి ఆసియా ఖండం సగం తిరిగాను గానీ తీగ పేరు దొరకలేదు. నాలుగో ఆయన నాకు రాధామనోహరం మొక్క అంటగట్టి, పూసిన తర్వాత అదే అవుతుందని హామీ ఇచ్చాడు. రాధామనోహరం నాకు తెలుసు. తెలిసి కూడా తెచ్చాను. వట్టి చేతుల్తో ఇంటికెళ్లడానికి మొహం చెల్లలేదు.

మీరు అడగొచ్చు, చదువు చెప్పిన ప్రొఫెసరు గారికి ఒక ఉత్తరం ముక్క రాయొచ్చు కదా అని. రాయొచ్చు. కానీ ఆయన క్లాసులో నేను మొదటి బెంచీ వాణ్ని. 'ఒరే, నీకు అదీ తెలియదా' అని ఆయన అంటారేమోనన్న భయం ముందు మామ్మగారి మొక్కు నాకు చిన్నదైపోయింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పేరు సంగతి తర్వాత, ముందు తీగ సంపాదించండి అన్నారు మామ్మగారు. అక్కడ మరో చిక్కొచ్చింది. అడిగి తెచ్చిన తీగ ముక్కుతూ మూలుగుతూ పెరుగుతుందని, ఎవరూ చూడకుండా తుంపుకొచ్చిన తీగే పందిరెక్కుతుందని ఆవిడ నమ్మకం. ఆ పక్కన అందరి పెరళ్లలోనూ సగం మొక్కలు ఇలా వచ్చినవేనట. ఘనపాఠి గారేమో దొంగిలించిన పువ్వుతో చేసిన పూజ ఫలం సొంతదారుకే పోతుందన్నారు. భార్య దొంగిలించమంటారు, భర్త అడగమంటారు. సంచీలో ఒక కత్తెరా, మామ్మగారు చుట్టిచ్చిన సున్నుండల పొట్లమూ పెట్టుకుని, దొంగనో చుట్టాన్నో తేలకుండానే మలికిపురం బస్సెక్కాను.

ఆ ఇంటావిడ ఎదురొచ్చింది. (మేం ఆ తర్వాత ఆవిణ్ని చెరువులావిడ అనుకునేవాళ్లం. వాళ్లది మొదట్నుంచీ పడవల మీద బతికిన కుటుంబం, ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి.) వచ్చిన పని దాచుకోవడం నాకు చేతకాలేదు. మొక్కు సంగతి, ఇద్దరి నియమాలూ మొత్తం చెప్పేశాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఆయ్, తప్పదండి. పెద్దోరు చెప్పేరంటే ఊరికే చెప్పరు. ఇచ్చినట్టూ ఉండాల, తీసుకెళ్లింది నేను చూడనట్టూ ఉండాల, అంతేనాండి?"

"అంతేనండి."

ఆవిడ వరండాలో కుర్చీ లాగి, తీగకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నేను చూట్టం లేదండి. కానివ్వండి."

నేను కత్తెర తీసి చేతికందిన చివరి కొమ్మ పట్టుకున్నాను.

"చివర లేతది కొయ్యకండి మేష్టారండి, బతకదు. కింద ముదురుంటది, అది."

కిందికి వంగాను.

"మూడు కణుపులుండాలండి. ఏటవాలుగా కొయ్యండి. ఒకటి చాలదు, నాలుగైదు తీసుకోండి, నాకేం తెలుస్తది, నేను చూట్టం లేదు గదా."

ఇంత సహకరించే ఇంటివాళ్లుంటే దొంగలకి వృత్తి మీద విరక్తి పుట్టదూ! వెనక్కి తిరిగి ఉన్న ఆ మనిషినే, ఇది ఎక్కడిదండీ అని అడిగాను. తమ్ముడు అండమాన్‌లో పడవ మీద పని చేస్తాడట, అక్కణ్నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడట. పేరడిగితే, "అండమాన్ తీగంటామండి" అంది. నా ఖండంలో మరో ఊరు చేరింది. కొమ్మ కోస్తుండగా ఘాటుగా వెల్లుల్లి వాసన కొట్టింది. వంటింట్లో రొయ్యలు వేగుతున్నాయి. ఆహా, ఏం పోపు పెట్టారు అనుకుని లొట్టలు వేశాను. బస్సులో కూడా ఆ వాసన నన్ను వదల్లేదు. పక్క సీటాయన రెండుసార్లు నా వైపు చూసి జరిగి కూర్చున్నాడు. ఆ వంట పొగ నా చొక్కాకి పట్టిందని తీర్మానించుకుని, రాజోలులో దిగగానే అలవాటు ప్రకారం వేపపుల్ల నమిలాను. ఎమ్మెస్సీ బోటనీ, మొదటి శ్రేణి! సంచీలో ఉన్న దాన్ని మాత్రం వాసన చూడాలని తోచలేదు.

గుమ్మం ఎక్కేసరికి ఘనపాఠి గారు వీధరుగు మీద ఉన్నారు. సంచీ వైపు ఒకసారి చూసి, "తెచ్చేరా? సంతోషం" అని లోపలికి వెళ్లిపోయారు. మామ్మగారు సంచీ అందుకుని, తిన్నగా పెరట్లోకి వెళ్లి, ముక్కలు తనే స్వయంగా పాతారు. నేను సాయం రాబోతే ఒప్పుకోలేదు. పాతినాక సున్నిపిండితో చేతులు మూడుసార్లు కడుక్కోవడం చూసి, మడి అంటే ఇదీ అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ కొత్త చట్టం తెచ్చారు. ఆ తీగని ఎవరూ ముట్టుకోకూడదు. స్వామి కోసం పెరుగుతున్న తీగ, మైల పడుతుంది. నీళ్లు ఆవిడే పోసేవారు, పందిరి కర్ర ఆవిడే కట్టేవారు. ఘనపాఠి గారు పొరపాటున అటు నడిస్తే, "మీరెందుకండీ, బురద" అని వెనక్కి పంపేసేవారు. విచిత్రంగా, ఆయన కూడా పేరు సంగతి అడగడం మానేశారు. పెద్దవారు, మరిచిపోయారు అనుకుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మరుసటి ఏడు ఆశ్వయుజం వచ్చేసరికి ఆ తీగ పందిరి నిండి, నూతి గిలక ఎక్కి, పశువుల పాక మీద పడింది. గుత్తులు గుత్తులుగా మొగ్గలు తొడిగింది. మామ్మగారి మొహంలో అంతకు ముందు నేనెప్పుడూ చూడని వెలుగు. "ఈ కార్తీకంతో అయిపోతుందండి మేష్టారూ. పేరొక్కటి తెచ్చి ఆయన చెవిన వెయ్యండి చాలు" అన్నారు. ఇక తప్పలేదు. సిగ్గు చంపుకుని, ఒక మొగ్గ కవరులో పెట్టి ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబు పోస్టుకార్డు మీద వచ్చింది. మామ్మగారు దాన్ని బోర్లా పట్టుకుని నా చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్లిపోయారు. కార్డు మీద ఒక లాటిన్ పేరు, దాని కింద రెండే వాక్యాలు. 'ఆకు నలిపి చూశావా? చూస్తే నన్ను అడిగేవాడివి కాదు.'

మామ్మగారు గుడికి వెళ్లే దాకా ఆగి, పెరట్లోకి దొంగలా దిగి, ఒక ఆకు తుంపి రెండు వేళ్ల మధ్య నలిపాను.

వెల్లుల్లి. కొంచెం కాదు, రోట్లో వేసి దంచినంత వెల్లుల్లి.

పందిరి కింద అలాగే కూలబడ్డాను. మలికిపురం వంటిల్లు, బస్సులో పక్క సీటాయన, నా చొక్కా, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. తరతరాలుగా దాన్ని గడప తొక్కనివ్వని ఇంటి పెరట్లో నేను చేజేతులా దాన్ని పందిరెక్కించాను. అదీ శివుడి పూజ కోసం. చెబితే మామ్మగారి మొక్కు మళ్లీ మొదటికొస్తుంది, ఆవిడ గుండె ఆగినంత పనవుతుంది. చెప్పకపోతే పుట్టి బుద్ధెరిగి దాన్ని ముట్టని ఇద్దరు పెద్దవాళ్ల చేత దాని పువ్వులు దేవుడికి పెట్టించిన పాపం నాది. దేవుడంటే నాకు అప్పట్లో పెద్ద పట్టింపు లేదు గానీ, ఆ ఇద్దరంటే చాలా ఉండేది.

ఆ సాయంత్రం ఘనపాఠి గారి ముందు నిలబడ్డాను. మామ్మగారు గుమ్మం వారగా నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"పేరు తెలిసిందండి. మాన్సోవా."

"ఏ దేశపు మాటండి?"

"లాటిన్ అండి."

"గోత్రం?" అన్నారు, కళ్లలో చిన్న నవ్వుతో.

"బిగ్నోనియేసి అండి." మొత్తానికి నాకు తెలిసిన ఒక్క ముక్కా అక్కడ పనికొచ్చింది.

"పేరుకి రెండో మాట కూడా ఉంటుందటగా మీ శాస్త్రంలో..." అని ఏదో అడగబోయి, గుమ్మం వైపు చూసి, "సరేలెండి. పేరూ గోత్రమూ ఉన్నాయి, ఇంకేం కావాలి. రేపట్నుంచి పెడదాం" అన్నారు. ఆ రెండో మాటకి అర్థం వెల్లుల్లే. అది ఆయన నోట రానందుకు నేను ఆ శివుడికే దణ్నం పెట్టుకున్నాను.

ఆ నెల నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆకు నలగకుండా పువ్వు కొయ్యాలి. అందుకని తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పువ్వులు కోసే పని నా మీద వేసుకున్నాను. ఒక్కొక్క పువ్వునీ బాంబు విప్పుతున్నవాడిలా తొడిమ దగ్గర పట్టుకుని తీసేవాణ్ని. "ఈ వయసులో ఇంత భక్తి ఎక్కడిదండీ మీకు" అని మామ్మగారు ఆశ్చర్యపోయేవారు. అన్ని జాగ్రత్తలూ పడ్డా ఒకరోజు పువ్వుల్లో ఒక ఆకు వచ్చేసింది. ఘనపాఠి గారి వేళ్ల మధ్య నలిగింది. మంత్రం మధ్యలో ఆగింది. ఆయన ముక్కు కొంచెం పైకి లేచింది.

"ఏదో వాసన..." అన్నారు.

"పక్కింట్లోంచండి!" అన్నాను, ఎవరూ నన్ను అడక్కముందే.

పక్కిల్లు గుడి పూజారి గారిది. (ఆయన పేరు చెడగొట్టినందుకు ఆ వారమంతా గుడికెళ్లి ఆయన చేతి తీర్థం తీసుకుని కళ్లకద్దుకున్నాను. నా భక్తి ఊళ్లో మరింత ప్రసిద్ధమైంది.) అదే క్షణంలో మామ్మగారు లోపల్నుంచి సాంబ్రాణి పళ్లెం తెచ్చారు. అంత పొగ ఎందుకు వేశారో, దేవుడూ మేమూ ఒకరికొకరం కనిపించలేదు. ఆ పొగలోనే మంత్రం మళ్లీ మొదలైంది.

రేపు ఆఖరి రోజనగా నాకు తట్టుకోవడం కష్టమైంది. తెల్లవారుతుండగా ఘనపాఠి గారితో కలిసి కాలువ రేవుకి వెళ్లాను. ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉండగా, ఒడ్డున చేతులు కట్టుకుని మొత్తం కక్కేశాను. తీగ, పోస్టుకార్డు, నలిపిన ఆకు, పూజారి గారి మీద వేసిన నింద, ఏదీ దాచలేదు. ఆయన మూడు మునకలు వేసి లేచారు.

"ఆయ్" అన్నారు. అంతే.

"మీకు తెలుసాండి?"

"మీరు సంచీతో గుమ్మం ఎక్కిన రోజునే తెలుసండి."

ఆయన తుండు పిండుకుంటూ చెప్పుకొచ్చారు. "నా గొంతు పోయినప్పుడు ఒక వైద్యుడు వచ్చి, పాలల్లో వెల్లుల్లి కాచి నలభై రోజులు తాగమన్నాడండి. ప్రాణం పోయినా ముట్టనన్నాను. గొంతు లేదుగా, పలక మీద రాసి చూపించేను. మర్నాడు ఆవిడ కొండవేరు కషాయం అని చెప్పి ఓ గ్లాసు పాలు తెచ్చింది. మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. వేదం చదువుకున్నవాడికి ముక్కు పనిచెయ్యదనుకుందో ఏవిటో!"

"తెలిసి కూడా తాగేరాండి?"

"గ్లాసు చేతికిచ్చి, నా మొహం చూడలేక గోడ వైపు తిరిగిందండి. నాకోసం అంత పాపం నెత్తికెత్తుకుంది, నేను ఆ గ్లాసు తోసెయ్యలేకపోయేను. నలభై రోజులూ, కొండవేరు భలే గుణం చేస్తోందని పలక మీద రాసేను. నా ప్రాయశ్చిత్తం ఏదో ఆవిడకి తెలియకుండా నేను చేసుకున్నాను. ఆ గొంతుతోనే కదండీ ఇవాళ మంత్రం చెబుతున్నాను! ఆ వాసనే పువ్వై వచ్చి స్వామి మీద పడతానంటే కాదనడానికి నేనెవర్ని? మీరు మాత్రం ఆవిడకి చెప్పకండి. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది."

చెప్పనని మాటిచ్చాను. వెనక నడుస్తూ నేను కళ్లు తుడుచుకోవడం ఆయన చూడలేదనే అనుకుంటున్నాను.

మర్నాడు పూజ ముగిసింది. లక్ష పూర్తయింది. చెరువులావిణ్ని కూడా పిలిచారు. ఆవిడ వచ్చి, మా పెరట్లో తీగని చూసి, "అబ్బో, ఎవరిదండీ ఇది, ఎక్కడా చూళ్లేదే" అని నటించి మామ్మగారిని నవ్వించింది. అందరి భోజనాలూ అయ్యాక నాకు మామ్మగారు దగ్గర కూర్చుని వడ్డించారు. కంద బచ్చలి కూర వేస్తూ గొంతు బాగా తగ్గించారు.

"మేష్టారూ, మీ కార్డు నేను చదివేనండి."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"చదవకపోయినా తెలుసు. పాతిన రోజునే చేతికి అంటుకుంది. నలభై రోజులు ఈ చేత్తో కాచిన వాసనండి, మరిచిపోతానా? అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీరు పేరు చెప్పడానికొచ్చిన రోజున నా గుండె ఎలా కొట్టుకుందో ఆ స్వామికే తెలుసు. తీగ పీకేద్దామనుకున్నానండి ఓ రాత్రి. కానీ ఆయన గొంతు నిలబెట్టింది అదే కదా, దాన్ని కాదని ఇంకో పువ్వుతో మొక్కు తీరిస్తే దొంగమొక్కవుతుందనిపించింది. స్వామికి తెలిసినా క్షమిస్తాడు. ఆయనకి తెలిస్తే కుంగిపోతారండి, పుట్టి బుద్ధెరిగి ముట్టని మనిషి. ఆయనకి మాత్రం చెప్పకండేం!"

"ఆయ్, చెప్పనండి" అన్నాను.

వీధరుగు మీద ఘనపాఠి గారు శిష్యులకి పాఠం మొదలుపెట్టారు. గొంతు కంచు మోగినట్టు మోగుతోంది. మామ్మగారు గరిట పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ముద్ద మింగాను.

ఇద్దరికీ ఇచ్చిన మాట ఇద్దరూ ఉన్నంత కాలం నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఇద్దరూ లేరు గనక మాట తప్పినట్టు కాదనుకుంటాను. వాళ్లలో వాళ్లు ఎప్పుడైనా చెప్పుకున్నారో లేదో నాకు తెలియదు. చెప్పుకోలేదనే నా నమ్మకం. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ, ఏమీ ఎరగని ఇద్దరు పెద్దవాళ్లని తనొక్కడే కాపాడుతున్నానన్న ధీమాతో పువ్వు పువ్వునీ ఊపిరి బిగబట్టి కోసిన ఆ ఇరవైనాలుగేళ్ల కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆ తీగ ఏమిటో ఆ ఇంట్లో చాలాకాలం తెలియనివాడు ఒక్కడే. వాణ్నే అందరూ మొక్కల మేష్టారు అని పిలిచేవారు.